సుగుణ ఆంటీ, యూ చెట్ల కంచె

ఈ ఉదయం పక్కింట్లోకి కొత్తగా వచ్చినవాళ్లు కంచె కత్తిరిస్తున్నారు. కిటికీ తెరవగానే తెగిన ఆకుల పచ్చివాసన పొగమంచులో తేలుతూ లోపలికి వచ్చింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆ మంచు వెనక ఊదారంగు స్వెట్టర్‌లో సుగుణ ఆంటీ ఇంకా కత్తెర పట్టుకుని నిలబడే ఉన్నారనిపించింది.

ఆమెది నరసాపురం వైపు. ఇక్కడ, ఈ చలిదేశంలో, గ్వెల్ఫ్ అనే ఊళ్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. మేం ఈ ఇల్లు కొన్న ఏడాది, ఆకులు రాలే కాలంలో, ఒక కేకతో మా పరిచయం మొదలైంది. మా రెండిళ్ల మధ్య కంచెగా పెరిగినవి యూ చెట్లు. చలికాలంలోనూ పచ్చగా ఉంటాయి, ఎంత కత్తిరించినా చిగురిస్తాయి. వాటికి బుల్లి దీపాల్లాంటి ఎర్రటి పండ్లు కాస్తాయి. నాలుగేళ్ల మా నిత్య ఒకటి కోసి నోట్లో వేసుకుంది. ఆంటీ కేకవేస్తూ, చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి, దాని దవడ పట్టుకుని వేలితో గింజ బయటికి తీశారు.

"నమల్లేదు. దేవుడికి స్తోత్రం," అన్నారు గింజను వెలుతురులో తిప్పి చూస్తూ. "పైనున్న ఎర్రగుజ్జు ఏమీ చెయ్యదమ్మా. గింజ, ఆకు, బెరడు అన్నీ విషమే. గుండె ఆగిపోతుంది. అయినా పాయిజన్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి, ఇప్పుడే."

పాపకు ఏమీ కాలేదు. మావారు మాత్రం చెట్లు కొట్టించేద్దామన్నారు. "వీధి నిండా ఇవే ఉన్నాయి బాబూ. పిల్లకి చెప్పుకోవాలి," అన్నారు ఆంటీ. నిత్యని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆవిడే చెప్పారు: విరగకుండా వంగుతుందని పూర్వం ఈ చెక్కతో విల్లు చేసేవారట, కానీ తింటే చచ్చిపోతామట. అంత చిన్నపిల్లతో ఆ మాట అనడం నాకు నచ్చలేదు. నేనైతే అక్కడ బూచి ఉందని చెప్పేదాన్ని.

కొన్నేళ్లకు ఆంటీకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అంకుల్ అప్పటికే పోయారు, పిల్లలు లేరు. హాస్పిటల్‌కి నేనే డ్రైవ్ చేసేదాన్ని. ఒకరోజు చుక్కచుక్కగా దిగుతున్న మందును చూస్తూ, మగతలో, "ఇది మన కంచెకి చుట్టమే. యూ ఆకుల్లోంచే తీస్తారు," అన్నారు.

"అయితే ఆ ఆకులు మరిగించి తాగితే?"

"చస్తాను," అని నవ్వారు. "విషం వేరు, మందు వేరు. రెండూ ఒకే కొమ్మలో ఉంటాయి. వాటిని విడదీయడం వంటింట్లో అయ్యే పని కాదమ్మా."

ఆ మందుకు ఆమె వేళ్ల కొసలు మొద్దుబారాయి. కోటు గుండీలు నిత్యే పెట్టేది. ఒకసారి అలా పెడుతూనే, "ఆంటీ, విల్ యూ గెట్ బెటర్?" అని అడిగింది. తప్పకుండా అనబోయాను. ఆంటీ నా చేతి మీద చెయ్యి వేసి ఆపారు.

"తెలీదు బంగారం. ఈ మందు ఇంకొన్నాళ్లు బతకనిస్తుందేమో. నాకూ భయంగానే ఉంది."

నిత్య ఏడవలేదు. మిగిలిన గుండీలు కూడా పెట్టి, ఆమెకు ఆనుకుని కూర్చుంది. మందు వల్ల ఆంటీ మరో రెండు వసంతాలు చూశారు. చివరి రోజుల్లో మంచం దగ్గరికి వెళ్లడానికి నేను జంకినా, నిత్య జంకలేదు. ఏం జరుగుతోందో దానికి తెలుసు.

ఇప్పుడు నిత్య మాంట్రియల్‌లో చదువుతోంది. పోయిన వారం మామోగ్రామ్‌లో ఏదో కనిపించిందని నాకు బయాప్సీ చేశారు. ఇవాళ సాయంత్రం ఫోన్‌లో నా గొంతు పసిగట్టి, "అమ్మా, ఈజ్ సంథింగ్ రాంగ్?" అంది. ఏం లేదే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"రిజల్ట్ ఇంకా రాలేదు నిత్యా. ఏమవుతుందో తెలీదు. భయంగా ఉంది," అన్నాను.

ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులిచ్చే నా కూతురు, తడుముకుంటూ తెలుగులో అంది: "నేను వస్తున్నా అమ్మా. నీ పక్కనే కూర్చుంటా."