ఒక ఇంటికి రెండు సమన్లు

మొన్న పౌర్ణమి వెళ్లిన మూడో నాటి ఉదయం కలిదిండిలో మా ఆవిడ పోయింది. నాలుగు రోజుల చలిజ్వరం. ఐదో రోజుకు మనిషి లేదు.

ఈ పత్రిక చదివేవారిలో ఆమెను ఎరిగినవారు పది మంది కూడా ఉండరు. ఎరిగినవారు ఆమెను పిరికి మనిషి అనేవారు. నేను కాదనను. బల్లి అరిస్తే ఉలిక్కిపడేది. పోలీసు ఎర్ర తలపాగా కనిపిస్తే లోపలికి వెళ్లిపోయేది. తలుపు గడియ వేసి, మళ్లీ లేచి వచ్చి తడిమి చూసేది. అయినా ఆమె గురించి రాయవలసిన సంగతి ఒకటి ఉంది. అందులో నా తప్పు ఉంది గనక ఇంతకాలం రాయలేదు.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో బడిపంతులును. ఒక ముసలావిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. మామ్మగారు అని పిలిచేవాళ్లం. ఆవిడకు భర్త లేడు. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన మూడెకరాల మాగాణి ఉంది. ఆవిడ తరవాత అది అత్తిలిలో ఉన్న ఒక్కగానొక్క కూతురికి చెందాలి. మామ్మగారి మరిది కొడుకు పక్క వీధిలోనే ఉండేవాడు. కలిగినవాడు. అతను గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఒకరోజు మామ్మగారు పోయిందని బడికి కబురు వచ్చింది. వెళ్లేసరికి అరుగు మీద నలుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. మరిది కొడుకు చేతిలో ఒక కాగితం ఉంది.

“మాస్టారండీ, మా పెద్దమ్మ పొద్దున్నే విల్లు రాయించి వేలిముద్ర వేసిందండీ. అప్పటికే తమరు బడికి వెళ్లిపోయారు. చదువుకున్నవారి సంతకం ఒకటుంటే నిండుగా ఉంటదండీ.”

చదివాను. భూమి అతనికే రాసి ఉంది. కింద “మా యెదుట వేలిముద్ర వేసినది” అని ఉంది. నా ఎదుట వేయలేదు. ఆ మాట అనడానికి మొహమాటపడ్డాను. లోపల శవం, బయట పెద్దమనుషులు, కలం అందించడంలో ఎంతో మర్యాద. బి.ఏ. అని కూడా చేర్చి సంతకం పెట్టాను.

మా ఆవిడ పెరటి గుమ్మంలోంచి పిలిచింది. లోపల శవానికి స్నానం చేయిస్తున్నది ఆమే.

“ఏవండీ, మామ్మగారి బొటనవేలికి సిరా ఏంటండీ? పసుపెట్టి రుద్దినా పోవట్లేదు.”

“పొద్దున విల్లు మీద వేలిముద్ర వేసిందట.”

“పొద్దుట్నించీ ఆవిడికి తెలివే లేదండీ. నా ఒళ్లోనే పోయింది. అప్పుడు వేలు శుభ్రంగానే ఉంది. ఆ అబ్బాయిగారొచ్చి, నువ్వెళ్లి నీళ్లు కాచమ్మా అంటే వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇలాగుంది.” నా మొహం చూసి ఆగింది. “మీరేం చేశారండీ?”

చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆనాటి నుంచి ఎవరు తలుపు తట్టినా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. బడిలో ఎవరైనా పిలిస్తే నా చేతిలోంచి సుద్దముక్క జారిపోయేది. మామ్మగారికి ఒక్క క్షణం తెలివి వచ్చి ఉండకూడదా అని నాకు నేనే చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి ఆ మాట పైకి అన్నాను కూడా. ఆమె పాడి ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి. బియ్యంలో రాళ్లు ఏరుతూ, “అబద్ధాన్ని రోజూ మేపాలండీ. నిజం దాని మేత అదే మేస్తది” అంది.

కూతురు ఏలూరు కోర్టులో దావా వేసింది. తల్లి దగ్గర ఆఖరిదాకా ఉన్నది ఎవరో ఆవిడకు తెలుసు. కోర్టు బంట్రోతు మా ఇంటికి రెండు సమన్లు తెచ్చాడు. నాకు వచ్చింది మరిది కొడుకు తరఫున, మా ఆవిడకు వచ్చింది కూతురి తరఫున.

ఆ సాయంత్రమే మరిది కొడుకు వచ్చాడు. మంచినీళ్లు అడిగి తాగాడు.

“మీ ఆవిడగారు కాలవకి ఒక్కరే వెళ్తున్నారండీ. ఈ వానలకి గట్టు జారుడుగా ఉంది. కాస్త మెల్లిగా వెళ్లమని చెప్పండి మాస్టారూ.”

మర్నాడు ఆమె తన కాగితం తెచ్చి ఏముందని అడిగింది. ఆమెకు చదువు రాదు.

“నీ వాయిదా వచ్చే నెల. అప్పటికి చూద్దాంలే,” అన్నాను. నిజానికి ఇద్దరికీ ఒకే రోజు. ఆమె ప్రాణం కోసమే అబద్ధమాడాను అనుకున్నాను. సగం నా కోసమే.

ఆమె రెండు కాగితాలూ నేల మీద పక్కపక్కన పరిచింది. తేదీ ఉన్న చోట వేలు పెట్టి చూపింది.

“మీ దాంట్లో ఈ చోట ఉన్న వంకరలే నా దాంట్లోనూ ఉన్నాయండీ.” తన కాగితం మడిచింది. “నాతో కూడానా అండీ?”

అప్పుడు గట్టు సంగతి చెప్పాను. చాలా భయపడింది. చివరికి, “అయితే రేపట్నించి మీరూ రండి” అంది. బిందెతో ఆమె ముందు, నేను వెనక. వీధిలో ఒకాయన, “ఏం మేస్టారూ, బిందెక్కూడా పరీక్ష పెట్టారా?” అని నవ్వాడు. ఆమె నాకు మాత్రమే వినపడేలా అంది: “నవ్వనివ్వండి. నవ్వేవాళ్లు చుట్టూ ఉన్నంతసేపూ ఎవడూ తొయ్యడు.”

వాయిదా రోజు రైల్లో ఏలూరు వెళ్లాం. అదే ఆమె మొదటి రైలు ప్రయాణం. దారి పొడుగునా కళ్లు మూసుకునే ఉంది.

“ఏం చెబుతావు?” అన్నాను.

“అడిగింది చెబుతాను.”

“భయంగా లేదూ?”

“పొద్దుట్నించీ మూడుసార్లు దొడ్లోకెళ్లానండీ. ఇంకా అడుగుతారేంటి?”

దరిమిలా జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. భూమి కూతురికి దక్కింది. నా ఉద్యోగం పోయింది. ఆ సంతకానికి మూడు నెలలు జైల్లో ఉన్నాను. ఆ మూడు నెలలూ మా ఆవిడ అత్తిలిలో ఆ కూతురి ఇంట్లోనే ఉంది. తరవాత కలిదిండి చేరి పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికాం. అక్కడా ఆమె వెనకే నడిచాను. మరిది కొడుకు మా జోలికి రాలేదు. వస్తాడన్న భయం మాత్రం పోలేదు. ఆమె ఒక్కనాడు కూడా నన్ను ఎత్తిపొడవలేదు.

ఆ వాయిదా రోజున ముందుగా ఆమెను పిలిచారు. నేను కోర్టు వరండాలో, కిటికీ పక్కన నిలబడ్డాను. మొదట గొంతు వినపడలేదు. గట్టిగా చెప్పమన్నారు. మామ్మగారికి తెలివి లేదని, సిరా సంగతి, నీళ్లు కాచమన్న సంగతి చెప్పింది. అవతలి వకీలు లేచాడు.

“అయితే మీ ఆయన అబద్ధమాడుతున్నాడంటావా?”

“ఆయనింకా ఏమీ చెప్పలేదు కదండీ.”

లోపల కొందరు నవ్వారు.

వెంటనే నన్ను పిలిచారు. ఆమె నా పక్కనుంచే బయటికి వెళ్లింది, తల ఎత్తలేదు. నేను బోను ఎక్కాను. ముందున్న కర్ర మీద, ఆమె పట్టుకున్న చోట, రెండు అరచేతుల మేర చెమట. ప్రమాణం అయ్యాక నా చేతులు అక్కడే పెట్టాను. కర్ర ఇంకా తడిగా ఉంది.