గాలయ్య ఓడిపోయిన ఆట

గాలయ్య శామీర్‌పేట దగ్గరి యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. ఇక్కడ పదిహేనేళ్లు, అంతకుముందు జీడిమెట్ల మందుల కంపెనీలో పదిహేనేళ్లు చేశాడు. రోజూ ఎల్లమ్మ తల్లికి దండం పెట్టుకున్నాకే ఆసిడ్ సీసా మూత తీస్తాడు. ఇన్నేళ్లలో అతని ముందు ఒక్కరి చేయీ కాలలేదు. అది తన గొప్ప కాదు, తల్లి చల్లని చూపు అంటాడు.

ఈ ఏడు కెమిస్ట్రీ చెప్పే పద్మజ మేడం పిల్లలకోసం ఫోన్‌లో ఒక ఆట చేయించింది. తెరమీద సీసాలు, బీకర్లు. దేనిలో ఏది పోయాలో తెలిసి పోస్తే స్టార్లు వస్తాయి. కెమిస్ట్రీ అంటేనే కళ్లనీళ్లు పెట్టుకునే అల్మాస్, ఆటలో అందరికన్నా ముందుంది. అయితే డిపార్ట్‌మెంట్ పెద్దసారు ముందే చెప్పాడు, ప్రాక్టికల్స్‌లో ఏ తేడా వచ్చినా ఆట బంద్ అని.

పరీక్ష రెండు రోజులుందనగా అల్మాస్ నీళ్ల బీకరులో ఆసిడ్ గబుక్కున వంపింది. బీకరు సుర్రుమని ఎగజిమ్మింది. గాలయ్య ఒక్క అంగలో వచ్చి పిల్లను వెనక్కి లాగాడు. నాలుగు బొట్లు బల్లమీద పడ్డాయి, అంతే.

"గంత ఆగమాగం ఏంది బిడ్డా?"

"నీళ్లల్లనే పోసిన గదా తాతా! ఆటల జల్దీ పోస్తేనే గెలుస్తం."

పద్మజ మొహం చిన్నబోయింది. "ఇక ఆట బందే గాలయ్యా. సార్‌కు నేనే చెప్తాను."

"చెప్పుండ్రి మేడం. గని ముందుగాల ఆ ఆట ఒక్కసారి నాకియ్యుండ్రి."

స్టూలు మీద కూర్చొని, మొద్దు బొటనవేలితో తెరమీది సీసాను ఒక్కో బొట్టుగా వంచాడు. పావు బీకరు నిండకముందే తెరమీది గడియారంలో టైమైపోయి గంట మోగింది. మళ్లీ ఆడాడు, మళ్లీ ఓడాడు.

"ముప్పై ఏండ్ల నౌకరి జేసినవ్, ఒక్క స్టారు లేదా తాతా!" పిల్లలు పొట్ట పట్టుకొని నవ్వారు. గాలయ్యా నవ్వాడు.

పద్మజ మాత్రం తెరమీది గడియారాన్నే చూస్తోంది. తప్పు అక్కడే దొరికింది. జరిగింది జరిగినట్టు పెద్దసారుకు చెప్పి, పరీక్షదాకా గడువు అడుక్కుంది. గడియారం తీయించి థర్మామీటరు పెట్టించింది. తొందరపడితే బీకరు వేడెక్కి అది ఎర్రబడుతుంది, ఆట ఓడిపోతారు.

పరీక్షనాడు పెద్దసారు అల్మాస్ పక్కనే నిలబడ్డాడు. ఆ పిల్ల బొట్టు బొట్టుగా పోస్తూ, కలుపుతూ, తల ఎత్తలేదు. సారు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. బీకరు నిమ్మళంగా ఉంది.

"ఆట ఉండనియ్యండి మేడం," అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అల్మాస్ తను అన్నంలోకి తెచ్చుకున్న సల్లలో సగం గాలయ్య గ్లాసులో పోసి, ఫోన్ చేతికిచ్చింది. "ఇగ ఆడు తాతా."

మొదటిసారికే మూడు స్టార్లు. గాలయ్య ఫోన్‌ను కళ్లకద్దుకున్నాడు.

"ఇంకో బీకరుందా బిడ్డా?"