మొలతాడుకు ఏ వెండి

వెండి కొనడానికి వచ్చినవాళ్ళకి పాఠం చెప్పకపోతే నాకు అన్నం సయించదు. నాయుడుపేటలో మా ఇంటి ముందుగదిలోనే కూర్చుని చేత్తో నగలు చేస్తాను. మా నాన్న నేర్పిన పని. ఆ రోజు పులికాట్ వైపు నుంచి ఒకామె వచ్చి, చేపల వేటకు పోయే తన మొగుడికి వెండి మొలతాడు కావాలంది. నేను గుడ్డ మీద మూడు రకాల ముక్కలు పరిచి మొదలుపెట్టాను.

"ఇది జర్మన్ సిల్వర్. పేరే గానీ ఇందులో వెండి నలుసంత గూడా ఉండదు, దీని జోలికి పోబాక. ఇది తొంభై రెండున్నర. నూటికి అంత వెండి, మిగతాది రాగి. గట్టిది, కానీ ఉప్పుగాలికి నల్లబడతాది. ఇది మేలిమి. వెన్నెల మాదిరి ఉంటాది. ఇదే తీసుకో."

"మేలిమిది తెగదు గదక్కా?"

"మెత్తన గదా, గట్టిగా లాగితే కొక్కెం విచ్చుకుంటాది. అయినా నీ మొగుడు దాంతో పడవ కట్టేస్తాడా ఏంది?" అని నవ్వాను. నా నోటికి అడ్డూ అదుపూ లేదని మా ఇంట్లో ఊరికే అనరు.

ఆమె నవ్వలేదు. తొంభై రెండున్నర ముక్కను వేళ్ళకి చుట్టుకుని లాగి చూసింది.

"మా నాయన వేటకు పోయి తిరిగి రాలా. చానా రోజులకి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మొహం చేపలు తినేసినాయి. నూలు మొలతాడు యాడ ఊడిపోయిందో. ఆయనేనని ఊరంతా అన్నారు, మా అమ్మ ఒప్పుకోలా. ఈ రోజుకీ బొట్టు పెట్టుకొని రేవులో కూర్చుంటాది. నాకట్టా వద్దక్కా. నల్లబడితే బడనీ. ఊడిపోకూడదు, అంతే."

ఓరి దేవుడా! ఆ రేవుల మనుషులకి ఎన్ని మొలతాళ్ళు చేసిచ్చాను! అందం కోసం, ఆచారం కోసం అనుకున్నానే గానీ, మనిషిని గుర్తుపట్టడానికని ఏనాడూ తట్టలేదు.

"లోపలి పక్క ఒక గుర్తు కొట్టక్కా. నాకు తెలిస్తే చాలు. ఆయనకు చెప్పబాక, భయపడతాడు."

తొంభై రెండున్నరతోనే చేశాను. కొక్కెం రెండింతలు మందంగా పెట్టి, దాని పక్కన లోపలివైపు మూడు చుక్కలు కొట్టాను.

తీసుకోవడానికి ఇద్దరూ వచ్చారు. అతను మహా హుషారు మనిషి. "చూడక్కా, మొగుడికి నగలు చేపించే పెళ్ళాం ఎవురికుండాది?" అని ఆమెను ఆటపట్టించాడు. ఆమె మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. అతను మొలతాడును తిప్పి తిప్పి చూస్తుంటే, బొటనవేలు ఆ చుక్కల మీద ఆగింది. ఏం అబద్ధం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను.

అతను లోపలివైపు ఒకసారి చూసి, మొలతాడును మళ్ళీ నా చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు.

"ఇంకొంచెం లోతుగా కొట్టక్కా, ఉప్పుకు అరిగిపోతాది. నేను చూసినట్టు దానికి చెప్పబాక."