కన్నోన్ అచ్చును కాల్చిన పొద్దు

బర్మాలో తామ్వే అనే పేటలో ఒక జపాన్ పెద్దావిడ దగ్గర నేను అద్దకం పని చేసేదాన్ని. అక్కడి ఆయన్ని పెళ్ళాడి వచ్చిన ఆమె, ఆయన పోయాక ఒంటరిగా ఉండేది. సైన్యం గద్దెనెక్కి దేశం తలుపులు మూసేశాక పుట్టింటి నుంచి ఉత్తరాలు కూడా రావడం మానేశాయి. ఆమెను నేను ‘అడో’ అనేదాన్ని. బర్మా భాషలో అత్త అని.

ఆమె బౌద్ధుల బొమ్మలు అద్దేది. బొమ్మ కోసిన గట్టి కాగితపు అచ్చును గుడ్డ మీద పరిచి, జిగురు బియ్యప్పిండీ తవుడూ కలిపి ఉడికించిన ముద్దను దాని మీద చెక్కబద్దతో లాగాలి. అచ్చు ఎత్తేసి, ముద్ద ఆరాక గుడ్డకు రంగు వెయ్యాలి. తర్వాత నీళ్ళలో నానబెడితే ముద్ద ఊడిపోయి, దాని కింది గుడ్డ తెల్లగా బయటపడుతుంది. ఆ తెల్లని గీతల్లో ఒక ముఖం మెల్లగా తేలుతుంటే, బాప్టిస్టు ఇంట పుట్టిన నేను కూడా ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. అమ్మ మాత్రం, “ఆ ఇగ్రహాల గుడ్డలు నువ్వు ఉతకడమేటే” అని గొణిగేది.

ఆమె అచ్చుల్లో ఒకటి వాళ్ళ నాన్న కోసి ఇచ్చింది. చాలా చేతులున్న కన్నోన్, జపానువాళ్ళ కరుణామూర్తి.

సైనిక పాలన మీద తిరుగుబాటు వచ్చిన ఏడు, బోటాటౌంగ్ రేవులో పనిచేసే మా అన్న తిరగబడ్డ విద్యార్థుల జెండాలకు వాళ్ళ గుర్తైన నెమలి అచ్చు కావాలన్నాడు. అడోకి చెప్పకుండా ఆమె కాగితం మీదే, ఆమె కత్తితోనే కోశాను. ఆమె అచ్చుల కట్టలోనే దాచాను.

కాల్పులు జరిగిన వారంలో ఒక ఉదయం ఆమె బియ్యం కోసం క్యూలో నిలబడడానికి వెళ్ళింది. సైనికులు ఇళ్ళు సోదా చేస్తున్నారని పక్కింటావిడ చెప్పిపోయింది. నెమలి కట్టలో పైనే ఉంది. అదొక్కటీ తీస్తే సరిపోయేది. నేను కట్ట మొత్తం పొయ్యిలో పెట్టేశాను. సైనికులు సందు మొగలోంచే వెనక్కి తిరిగిపోయారు.

బూడిద కాలవలో పోసి కూర్చున్నాను. ఆమె రాగానే, సైనికులు వచ్చి అచ్చులన్నీ పట్టుకుపోయారని చెప్పాను. ఆమె సంచి కింద పెట్టి నా రెండు చేతులూ తిప్పి చూసింది.

“నిన్ను కొట్టారా?”

లేదన్నాను.

ఆ తర్వాత ఆమె కన్నోన్‌ను గుర్తున్నంత వరకు మళ్ళీ గీయడం మొదలుపెట్టింది. కళ్ళు కుదిరేవి కావు. రెప్పలు ఇంకా కిందికి ఉండేవా అని నన్నే అడిగేది. నేను వేలితో చూపించేదాన్ని. ఆ అచ్చు పూర్తి కాకుండానే ఆమె జ్వరంతో చనిపోయింది.

అచ్చులు కాల్చింది నేనేనని చాలా ఏళ్ళకు అన్నతో చెప్పాను.

“అప్పుడే చెప్పీసుంటే ఆవిడ నిన్నేటీ అనీది కాదు,” అన్నాడు.

ఆ సంగతి నాకు ఆ ఉదయమే తెలుసు. అందుకే చెప్పలేకపోయాను.