దేవక్క మంచం పక్కన దిమ్మెలు

యేసేపు మంచం పక్కన గొంతుక్కూర్చుని అలికిన నేలను గడ్డపారతో చెక్కుతున్నాడు. మెత్తని మన్నంతా తీసి, గట్టి గరుసు తగిలేదాకా ఆగలేదు. మంచం మీద దేవక్క ఉంది. ఆమెకు సరిగ్గా పైన, నడుమ పగిలిన దూలం.

గోనెగండ్ల దగ్గరి ఆ ఊర్లో మట్టి మిద్దెలు ఇంకా కొన్ని మిగిలాయి. వానలకు ముందు పైన చౌడుమన్ను పోస్తే నీళ్లు దిగవు. పాత మన్ను గీకేసి కొత్తది పోయాలి. మొగుడు పోయాక గీకేవాళ్లు లేక, దేవక్క ఇరవై ఏళ్లు తట్టలతో మోసి పాతదాని మీదే పోసింది. ఇల్లు కారలేదు, బరువు పెరిగింది. మొన్నటి ముసురుకు ఆ మన్నంతా నాని దూలం పగిలింది. ఇప్పుడు దింపుదామన్నా మిద్దె మీద కాలు పెట్టే వీల్లేదు.

పెద్దాసుపత్రి వాళ్లు ఇక చేసేదేమీ లేదని ఆమెను ఇంటికి పంపి వారమైంది. కూతురు పుష్ప రెండిళ్లలో చోటు అడిగింది. చెడ్డ చుక్కలో ప్రాణం పోతే నెలల తరబడి ఇల్లు మూసిపెట్టాలి కదా అని వాళ్లు తలొంచుకున్నారు. కిరస్తానం వాళ్లం, మాకా పట్టింపు లేదు, మా ఇంటికి తెమ్మన్నాడు అదే వీధిలో ఉండే యేసేపు. దేవక్కే ఒప్పుకోలేదు.

"నీ ఇల్లు మంచిదేనప్పా. ఇది నేను మోసిన మన్ను. ఈడనే పోతా."

యేసేపు ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు హమాలీగా చేశాడు. బరువైన యంత్రాలను దిమ్మెల మీద నిలపడం చూసి చూసి నేర్చుకున్నాడు. ఒకసారి ఆయన తడినేల మీద పెట్టిన దిమ్మె కుంగి, తోటి హమాలీ ఉరుకుందు యంత్రం కింద పడి చనిపోయాడు. ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తడు. నేలను మాత్రం తవ్వి చూడనిదే నమ్మడు.

మంచానికి అటొకటి ఇటొకటి రెండు దొంతరలు లేపాడు. అడ్డంగా రెండు తుమ్మకొయ్య దిమ్మెలు, వాటి మీద పొడవుగా రెండు, మళ్లీ అడ్డంగా రెండు. దొంతర దూలానికి బెత్తెడు దూరంలోకి వచ్చింది.

"నన్ను గూట్లో పెడతాండావేమప్పా," అంది దేవక్క. నవ్వబోతే దగ్గు వచ్చింది.

"కోడివి కదా నువ్వు. కదలాకు."

రెండు దొంతరల మీదా మందపు పలక వేసి, దూలానికీ పలకకూ మధ్య ఒకవైపు సన్నగా చెక్కిన చీలలు దూర్చాడు. దూలాన్ని ఎత్తాలని చూస్తే పగులు నోరు తెరుస్తుంది. బరువు దిమ్మెల మీదికి వచ్చేంతవరకే కొట్టాలి. ఒక దెబ్బ అటు, ఒక దెబ్బ ఇటు. పొద్దుటినుంచి దుప్పటి మీద రాలుతున్న మన్ను నిలిచిపోయింది.

పుష్పను పిలిచి కొయ్యసుత్తి చేతికిచ్చాడు. రోజూ పొద్దున చీలల మీద తట్టాలి, బోలుగా మోగితే ఒక్క దెబ్బ వేయాలి, అంతే. ఎన్నాళ్లు నిలుస్తుందని ఆమె మెల్లగా అడిగింది.

"అక్క ఉన్నన్నాళ్లూ నిలుస్తాది. ఆమె పోయినాంక నువ్వు ఈడ పడుకోవద్దు తల్లీ."

పుష్ప, అమ్మ నిద్రపోయిందనుకుని చీల మీద సుత్తిని ఆనించీ ఆనించనట్టు తట్టింది.

"గట్టిగా కొట్టు పాపా," అంది దేవక్క, కళ్లు తెరవకుండానే.

పుష్ప కొట్టింది. చీల బిగువుగా మోగింది. యేసేపు గడ్డపార తీసుకుని, తల వంచి గడప దాటాడు.