పావలాలు రద్దు చేసిన వీరుడు

ఆ రోజుల్లో నాకు ఏది కనిపించినా రద్దు చేయాలనిపించేది. నూనూగు మీసాల వయసు, చేతిలో బీకాం పట్టా, దుబాయ్ దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో అల్యూమినియం తలుపులూ కిటికీలూ తయారుచేసే ఫ్యాక్టరీలో అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగం. ఇన్ని ఉన్నవాడు ప్రపంచాన్ని ఉన్నదున్నట్టు ఎందుకు వదిలేస్తాడు? వచ్చిన చిక్కల్లా ఆ ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉండటమే. అది పర్మనెంటు అయితేగానీ పిల్లనివ్వమని రాజమండ్రి నుంచి కాబోయే మామగారు చాలా మర్యాదగా కబురు పెట్టారు. ఫోటోలో ఆ అమ్మాయిని చూసినప్పటి నుంచి నాకు అన్నం సరిగ్గా సహించడం లేదు. పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాల్సింది మా మేనేజరు. కాకినాడ మనిషి, అందరం పెద్ద సార్ అనేవాళ్లం. ఆయన కళ్లలో పడాలంటే ఏదో ఒకటి చేసి చూపించాలి. అలా వెతుకుతుండగా మా క్యాంటీన్ గల్లాలో పావలాలు కనబడ్డాయి.

పావలా అంటే ఇరవై ఐదు ఫిల్సుల నాణెం, దిర్హమ్‌లో నాలుగో వంతు. దాని మీద ఒక జింక బొమ్మ ఉంటుంది, పాపం ఎవరికీ అక్కర్లేని జింక. బకాలాలో ఇస్తే కొట్టువాడు మన ముఖం చూస్తాడు, వాడే మనకివ్వాల్సి వస్తే బదులుగా ఒక చాక్లెట్టు చేతిలో పెడతాడు. మా క్యాంటీన్‌లో సమోసా ముప్పావలా కావడంతో, దేశంలోని దిక్కులేని పావలాలన్నీ వచ్చి అక్కడి రేకు డబ్బాలో చేరేవి. కరోనా భయం పూర్తిగా పోని రోజులవి. నాణేల మీద వైరస్ ఎంతసేపు బతుకుతుందన్న విషయంలో మా ఆఫీసులో ప్రతివాడూ డాక్టరే. నేను రాత్రిళ్లు కూర్చుని 'పావలారహిత క్యాంటీన్' అని రంగురంగుల స్లైడ్లు తయారుచేశాను. (మొదటి స్లైడులో జింక మీద ఎర్రగా అడ్డగీత కూడా కొట్టాను.)

మీటింగులో పెద్ద సార్ స్లైడ్లన్నీ చూసి, "బావుందయ్యా, కుర్రాడివైనా ముందుచూపు ఉంది," అన్నారు. నాకు రాజమండ్రిలో బాజాలు వినిపించాయి. అప్పుడు జగిత్యాల వైపు నుంచి వచ్చి చాలా కాలంగా ఇక్కడే పనిచేస్తున్న ఫోర్‌మన్ మామ చెయ్యెత్తాడు.

"సార్, సమోసా ముప్పావలా గదా. పావలా బందువెడితె అది అర్ధకిస్తరా, దిర్హమ్‌కిస్తరా?"

నా స్లైడ్లలో అన్నీ ఉన్నాయిగానీ ఇది లేదు. పెద్ద సార్ మాత్రం తడుముకోలేదు.

"దిర్హమే. రౌండ్ ఫిగరు. లెక్కకి తేలిక."

"గట్లయితె పావలా బందు గాలేదు సార్. మా జేబులకెల్లి మీ గల్లాలకు వోయింది."

"ఇది మినిట్స్‌లో రాయక్కర్లేదు," అన్నారు పెద్ద సార్ నాతో. రాయలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ సాయంత్రమే క్యాంటీన్ గోడ మీద తెలుగు, హిందీ, మలయాళం, ఇంగ్లీషుల్లో నోటీసు అంటించాను.

మిగిలింది రేకు డబ్బా. బ్యాంకుకు తీసుకెళ్తే కౌంటరు అమ్మాయి ఆ బరువు చూసి, నాణేలు తీసుకోవడానికి వేరే రోజు ఉంటుందంది. ఆ రోజెప్పుడని అడిగితే చిరునవ్వు నవ్వింది. ఎండలో ఆ డబ్బా మోసుకుని తిరిగొచ్చి ఉసూరుమని కూర్చుంటే పంతులుగారు జాలిపడ్డారు. ఆయన మా ఆఫీసులోనే ఫైళ్లు సర్దే ఉద్యోగి, సెలవు రోజుల్లో షార్జా, అజ్మాన్ తెలుగువాళ్ల ఇళ్లలో వ్రతాలు చేయించేవారు. "ఎందుకు నాయనా ఆ బరువు? నేను పట్టికెళ్తాలే," అని డబ్బాకు సరిపడా నోట్లిచ్చి పట్టుకెళ్లారు. ఎంత మంచివారో అనుకున్నాను. ఆయన మంచితనం గురించి ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా.

తర్వాతి నెలలో పెద్ద సార్ షార్జాలో కొత్త ఫ్లాటుకు మారి, ఒక శుక్రవారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. చేయించేది మా ఆఫీసు పంతులుగారే, నన్ను పనిసాయానికి పిలిచారు. నేను పొంగిపోయాను, కుర్చీలు మోయడానికి పిలిచినా సరే, పిలిచింది సంతకం పెట్టే చెయ్యి. బియ్యం పోసి, తమలపాకులు పరిచాక మేడమ్‌గారు వంటింట్లోంచి వచ్చి అడిగారు.

"ఏవండీ, ఆకుల్లోకి చిల్లర తెచ్చారా?"

నవగ్రహాలకూ, దిక్పాలకులకూ, వాళ్ల చుట్టూ కూర్చునే దేవతలకూ ఒక్కొక్కరికి ఒక్కో ఆకు, అందులో వక్క, ఖర్జూరం, ఒక నాణెం పెట్టాలి. వ్రతం అయ్యాక ఆ నాణేలన్నీ పంతులుగారికే చెందుతాయి. అందుకే పెద్ద సార్ ముందే ఆలోచించుకున్నట్టున్నారు, నా చెవిలో మెల్లగా అన్నారు.

"పావలాలైతే చాలు. గబగబా వెళ్లి పట్రా."

ఆ వీధిలో బకాలా లేని సందు లేదు. పట్టుపంచెతో, మాస్కుతో అన్నిట్లోకీ దూరాను. ఒకడు కార్డు గీకమన్నాడు, ఒకడు చాక్లెట్లు తీసుకోమన్నాడు, ఒక పఠాన్ అయితే "చవన్నీ ఖలాస్, భాయ్" అని చేతులు తిప్పాడు. దిర్హమ్ బిళ్లలు కూడా గుప్పెడు దొరకలేదు. ఊరు ఊరంతా నా స్లైడ్లు చూసినట్టే ఉంది. చెమటలు కక్కుతూ ఖాళీ చేతులతో వచ్చి నిలబడితే, మేడమ్‌గారు, "పోనీ ఐదు దిర్హాల నోట్లు పెడదామా?" అన్నారు. పెద్ద సార్ ఆకుల వరసల్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు, తర్వాత నన్ను చూశారు. నా పెళ్లి ఆగిపోయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

పంతులుగారు గొంతు సవరించుకుని సంచిలోంచి ఒక రేకు డబ్బా తీశారు. మూత తీయగానే గది అంతా సమోసా వాసన.

"నా దగ్గర ఉన్నాయి. ఒక్కోటీ దిర్హమ్," అన్నారు.

"ఇవి పావలాలు కదండీ," అన్నారు పెద్ద సార్.

"బజార్లో పావలాయేనండీ. బజార్లో దొరకట్లేదు కదా. ముహూర్తం దాటిపోతోంది."

ఐదు దిర్హాల నోట్లతో పోలిస్తే అదే నయం. పెద్ద సార్ పర్సు తీశారు. తమ డబ్బాలో పడున్న పావలాలనే నాలుగింతలు పెట్టి కొని, ఆకుల్లో పెట్టి, కథ పూర్తిగా విని, అవే పావలాలను భక్తితో పంతులుగారి చేతిలో పోశారు. పంతులుగారు దీవించి, డబ్బా మూసి, సంచిలో పెట్టుకున్నారు. నేను ప్రసాదం తిన్నానుగానీ దాని రుచి తెలియలేదు.

శుక్ర, శనివారాల సెలవు అయ్యాక, ఆదివారం పొద్దున్నే ఆఫీసులో పిలుపు వచ్చింది. ఇంటికి పంపే టిక్కెట్టు ఎప్పటికో అడుగుదామనుకుంటూ లోపలికెళ్లాను.

"చిల్లర నాణేలు మన సంస్కృతిలో భాగమయ్యా," అన్నారు పెద్ద సార్, నావైపు చూడకుండా. "క్యాంటీన్‌లో మళ్లీ పెట్టాలి. ఎందుకు పెట్టాలో స్లైడ్లు చెయ్యి."

చేశాను. అదే జింక, ఈసారి చుట్టూ బంగారు రంగు చట్రం. మీటింగులో అందరూ ఇంతకుముందు ఊపినట్టే తలలూపారు. ఫోర్‌మన్ మామ మళ్లీ చెయ్యెత్తాడు.

"మరి సమోసా గుడ మల్ల ముప్పావలాకే ఇస్తరా, సార్?"

"రేట్ల సంగతి వేరే మీటింగులో," అన్నారు పెద్ద సార్. ఆ మీటింగు నేను ఉన్నన్నాళ్లూ జరగలేదు. నా కాగితం మీద మాత్రం ఆ వారంలోనే సంతకం పడింది. ఏ విధానానికైనా ఇట్టే సర్దుకుపోగలడు అని పక్కన మెచ్చుకోలుగా రాశారు.

ఇప్పుడు వేరే కంపెనీలో నన్నే సార్ అంటున్నారు. నా కింద పనిచేసే కుర్రాడు నెలకోసారి ఏదో ఒకటి రద్దు చేద్దామని స్లైడ్లు పట్టుకొస్తాడు. వాడి కళ్లలో వెలుగు చూస్తే ముచ్చటేస్తుంది, వద్దనబుద్ధి కాదు. ఒక్కోసారి ఆ వెలుగు నాలో ఎప్పుడు ఆరిందా అని దిగులు కూడా వేస్తుంది. ఓకే అనే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగమని, రాజమండ్రి అమ్మాయికి ఫోన్ చేసి, ఈ నెలలో మన ఇంట్లో వ్రతాలేమైనా ఉన్నాయా అని అడుగుతాను.