అక్క ఇంటి గోడ మీద అమ్మ

మా అమ్మకు ఉన్నది ఒకే ఒక్క ఫోటో. అందులో ఆమె ఒడిలో మా అక్క ఉంది. మాచర్లలో స్టూడియోకు వెళ్లి తీయించారట. నేను పుట్టాక అమ్మ మళ్లీ అడిగితే, రెండో ఆడపిల్లకు కూడా ఫోటో ఏందని నాన్న నవ్వేశాడట. ఈ సంగతి నాకు చెప్పింది అక్కే, అదీ నలుగురిలో. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మ పోయాక ఆ ఫోటో, పెద్దకూతురి హక్కు అన్నట్టు, నరసరావుపేటలో అక్క ఇంటి గోడ మీదికి చేరింది. కాపీ తీయించి ఇవ్వమంటే, ఫ్రేము విప్పితే పాడవుతుందనేది. చివరికి ఫోనులో తీసి పంపింది. అమ్మ ముఖం మీద ట్యూబ్‌లైటు వెలుగు పడింది, పసిపిల్ల అక్క మాత్రం ఎంచక్కా కనిపిస్తోంది. కావాలనే అలా తీసిందని నా అనుమానం.

ప్రతి శుక్రవారం అక్క తడిగుడ్డతో అద్దం తుడిచి, అమ్మ నుదుటి దగ్గర బొట్టు పెట్టి, దండ వేసేది. బతికున్న మనిషి కూడా ఉన్న ఫోటోకు దండేమిటని పక్కింటి పిన్ని అడిగితే, అమ్మ ఒళ్లోనే ఉన్నాగా, నాకేం భయమని నవ్వేది. ఆ మాటకూ కుళ్లుకున్నాను.

మొన్న వేసవిలో అక్క మనసు మారింది. మనవలకు అమ్మ ముఖం తెలియాలి, స్కాన్ చేయిద్దాం రమ్మంది. ఆ పూటే బస్సెక్కాను. స్టూడియోలో ఫ్రేము వెనక అట్ట తీసి ఫోటో లాగితే కింది సగం వచ్చింది, పైసగం రాలేదు. ఇన్నేళ్లు తుడిచిన తడి ఫ్రేము సందుల్లోంచి లోపలికి దిగి, అమ్మ ముఖం అద్దానికి అంటుకుపోయింది. స్టూడియో అతను వద్దంటున్నా అక్క ఇంకొంచెం లాగింది. కాగితం చేతికొచ్చింది. ముఖం అద్దం మీదే ఉండిపోయింది.

అక్క కుర్చీలో కూలబడింది. నాకు జాలికంటే ముందు, ఇప్పటికైనా ఇద్దరం సమానమయ్యామన్న తృప్తి కలిగింది. అతను రెంటినీ విడివిడిగా స్కాన్ చేసుకున్నాడు, తర్వాత కలిపి పంపుతానన్నాడు. అక్క అద్దాన్ని తువ్వాలులో చుట్టి నా చేతిలో పెట్టింది.

“నువ్వు తీసుకపోవే. నా దగ్గరుంటే మళ్లీ తుడుస్తా. చివర్లో అమ్మ నీ కాడే ఉంది, నీ చేతి ముద్దే తిన్నది. నాకు ఈ ఫోటో తప్ప ఏముందే?”

తనూ నన్ను చూసి ఇన్నాళ్లూ కుళ్లుకుందని అప్పుడు తెలిసింది. దాంతో నా అసూయ చల్లారిందా అంటే, లేదు. బస్సులో తువ్వాలు విప్పి చూసుకున్నాను. అమ్మ ముఖం నాకు దక్కింది. చేతులు మాత్రం అక్క దగ్గరున్న కాగితం మీద, అక్కను పట్టుకునే ఉన్నాయి.